ఆషాఢం సీట్లు

“కంగ్రాచులేషన్స్ సార్! మీ బాబుకి 75 శాతం స్కాలర్‌షిప్ శాంక్షన్ అయిందండీ!”

నాకు బాబు లేడు. ఉన్నవాడు మా చెల్లెలి కొడుకు. వాడు ఏ స్కాలర్‌షిప్పుకీ దరఖాస్తు పెట్టలేదు. ఈఏపీసెట్ రాశాడు, ఆ ఫారంలో నా ఫోన్ నంబరు రాశాడు, నేరం అంతవరకే. మీ నాన్న నంబరు ఇవ్వలేకపోయావురా అంటే, “నాన్నకి కొట్లో తీరికుండదు మావయ్యా, నువ్వైతే ఖాళీయే కదా” అన్నాడు. ఆ ఖాళీ కాస్తా రిజల్ట్సు వచ్చిన రోజుతో సరి.

పళ్ళు తోముకుంటుంటే ఒక కాలేజీ. బీపీ మాత్ర మింగుతుంటే ఇంకొకటి. ఎవరిదో పదోరోజు భోజనాల్లో విస్తరి ముందు కూర్చుంటే మూడోది. అక్కడ “కంగ్రాచులేషన్స్” అన్న మాట స్పీకర్లోంచి గట్టిగా వినపడి, పోయినాయన కొడుకు నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. గొంతులు వేరు, పాఠం ఒకటే. ముందు ర్యాంకు అడుగుతారు, తర్వాత స్కాలర్‌షిప్ ప్రకటిస్తారు. పరీక్షిద్దామని ఒకమ్మాయితో ర్యాంకు 20 వేలన్నాను. 75 శాతం. మర్నాడు అదే కాలేజీ నుంచి ఇంకో అమ్మాయి చేస్తే లక్షన్నర అన్నాను. 75 శాతం. మనవాడి ప్రతిభ మీద వాళ్ళకున్న నమ్మకం ర్యాంకులకి లొంగేది కాదు.

సరే, దేంట్లో 75 శాతం తల్లీ? అది కౌన్సెలర్ సార్ చెబుతారట. కౌన్సెలర్ సార్ చెప్పాడు. అసలు ఫీజు ఏడాదికి నాలుగు లక్షలు, మీకోసం లక్ష. హాస్టలు వేరు, బస్సు వేరు, ‘స్కిల్ డెవలప్‌మెంట్’ వేరు. ఆ నాలుగు లక్షలు పూర్తిగా కట్టినవాణ్ణి ఒక్కణ్ణి చూపిస్తారా అంటే నవ్వాడు. ఆషాఢమాసంలో చీరల కొట్టువాడు మూడు వేలని కొత్త చీటీ అంటించి, దానిమీద అడ్డగీత కొట్టి, పన్నెండొందలకి ఇస్తాడు చూడండి, అదే కౌన్సెలింగు. పైగా ఇదీ ఆషాఢంలోనే వస్తుంది. కాకపోతే చీరల కొట్టువాడికి కాస్త నీతి ఉంది. ఇక్కడ షరతు ఏమిటంటే, ప్రతి సంవత్సరం సీజీపీఏ ఎనిమిదికి తగ్గకూడదు, బ్యాక్‌లాగ్ ఒక్కటి ఉండకూడదు. తగ్గితే మర్నాటి నుంచి పూర్తి ఫీజు. చీర కట్టుకుని ఏడాది తిరిగాక, మడత నలిగింది కాబట్టి మిగతా పద్దెనిమిదొందలు కట్టమని కొట్టువాడు ఇంటికి రావడం ఎక్కడైనా ఉందా?

“ఈ సాయంత్రం లోపు పాతికవేలు కట్టి బ్లాక్ చేసుకోండి సార్” అన్నది ఆఖరి మాట. సాయంత్రం దాటింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కంగ్రాచులేషన్స్.

ఇవి మేనేజ్‌మెంట్ సీట్ల సంగతి. మాది కన్వీనర్ కోటా మొహం. అందుకని మేనల్లుడూ నేనూ రైల్వే స్టేషను దారిలో ఉన్న నెట్ సెంటరుకి వెళ్ళి, కాలేజీల జాబితా, బ్రాంచిల జాబితా ప్రింటు తీయించుకున్నాం. మా కాలంలో ఇంజనీరింగ్ అంటే సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్. ఇప్పుడు కంప్యూటర్ సైన్సు ఒక్కటే ఉమ్మడి కుటుంబం. సీఎస్‌ఈ పెద్దన్నయ్య. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్సు, మెషీన్ లెర్నింగూ కలిస్తే సీఎస్‌ఎం. డేటా సైన్సు కలిస్తే సీఎస్‌డీ. ఉత్త ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్సయితే సీఏఐ. ఆ ఇంటెలిజెన్సే డేటా సైన్సుతో వేరుకాపురం పెడితే ఏఐడీ. సీఐసీ అని ఇంకొకటుంది. ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్, సైబర్ సెక్యూరిటీ, బ్లాక్‌చెయిన్ అన్నీ కలిపిన పేరు అది, పూర్తిగా చదివేసరికి మొదటి సెమిస్టరు అయిపోతుంది. వీటికీ వాటికీ తేడా ఏమిటని తెలిసిన లెక్చరర్‌ని అడిగాను. అటూ ఇటూ చూసి, “మొదటి రెండేళ్ళూ దాదాపు ఒకటే సార్. తర్వాత నాలుగైదు పేపర్లు తేడా. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండి” అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ కోడ్ల జాబితాలో కిందికి వెళ్తుంటే మావాడు ఒక్కచోట ఆగి, “మావయ్యా, ఇదేటి? మన స్టేషను ఇందులో ఉంది!” అన్నాడు.

చూస్తే, నిజమే. సీహెచ్‌ఈ. ఇంజనీరింగ్ కౌన్సెలింగులో సీహెచ్‌ఈ అంటే కెమికల్ ఇంజనీరింగ్. రైల్వేవాడి లెక్కలో సీహెచ్‌ఈ అంటే మేమే. మేమే అని గట్టిగా అనడానికీ లేదు, అదే మా ఏడుపు.

ఇక్కడ కాలేజీల మాట కాసేపు పక్కన పెడతాను, నా వల్ల కాదు. మా ఊరి పేరు ఆమదాలవలస. మా ఊళ్ళో రైల్వే స్టేషనుంది. హౌరా-చెన్నై మెయిన్ లైను మీద, చెప్పుకోదగ్గ రైళ్ళు ఆగే స్టేషను. దాని పేరు శ్రీకాకుళం రోడ్. శ్రీకాకుళం అక్కణ్ణించి పన్నెండు కిలోమీటర్లు. 1890ల్లో ఈ లైను వేసిన దొరలకి ఊళ్ళ పేర్లతో పనిలేదు, చుట్టుపక్కల పెద్ద పట్నం ఏది, దానికి ఎక్కడ దిగాలి అన్నదే లెక్క. రైల్వే నిఘంటువులో ‘రోడ్’ అంటే ‘ఊరు ఇక్కడ లేదు, రోడ్డు మాత్రం ఉంది, ఆటో చూసుకోండి’ అని అర్థం. ఆ శ్రీకాకుళాన్ని కూడా దొరలు చికాకోల్ అనేవారు. చికాకోల్‌లోని అక్షరాలు కోడులో దూరి కూర్చున్నాయి. దొరలు వెళ్ళిపోయారు, చికాకోల్ అన్నమాట మనుషుల నోళ్ళలోంచి పోయింది, సీహెచ్‌ఈ మాత్రం ప్రతి టికెట్టు మీదా క్షేమంగా ఉంది. అంటే ఆమదాలవలస అనే ఊళ్ళో, శ్రీకాకుళం పేరుతో, చికాకోల్ కోడుతో మేం రైలెక్కుతాం. ఇద్దరి పేర్లుండీ ఇంటివాడి పేరు లేని గుమ్మం ఇది.

దీనివల్ల నష్టమేమిటంటారా? మా వీధిలో పెళ్ళికి హైదరాబాదు నుంచి మగపెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకాయన ఫలక్‌నుమా ఎక్కాడు. శుభలేఖలో ఆమదాలవలస అని ఉంది. ఆయన తెల్లారగట్ల లేచి కూర్చుని, శ్రీకాకుళం రోడ్ రావడం కళ్ళారా చూసి, “మనది ఇంకా రాలేదు, ఆమదాలవలస కదా” అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు. పలాసలో లేచాడు. పెళ్ళికి వచ్చేసరికి తలంబ్రాలు అయిపోయి, వీడియోవాడు అప్పగింతలకి లైట్లు సర్దుతున్నాడు. ఆయన అలక తీర్చడానికి మా వాళ్ళకి ఇంకో పెళ్ళి ఖర్చు అయింది. ఆ తర్వాత మా ఊరి శుభలేఖల్లో ‘ఆమదాలవలస’ పక్కన ‘దిగవలసిన స్టేషను శ్రీకాకుళం రోడ్’ అని వేయడం మొదలుపెట్టారు. ముహూర్తం కంటే అదే పెద్దక్షరాల్లో ఉంటుంది.

శ్రీకాకుళంవాళ్ళకీ సుఖం లేదు పాపం. వాళ్ళకి పేరుంది, రైలు లేదు. మాకు రైలుంది, పేరు లేదు. పన్నెండు కిలోమీటర్ల పొడుగునా ఒకరి మీద ఒకరు అసూయపడుతూ బతుకుతున్నాం, మధ్యలో ఆటోవాళ్ళు బాగుపడ్డారు. మాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట. కొత్తగూడెం స్టేషను పేరు భద్రాచలం రోడ్. అక్కడ దిగి రాములవారేరీ అంటే, ఇంకో 40 కిలోమీటర్లు వెళ్ళి గోదారి దాటాలి. కొత్తగూడెంవారు ఎవరైనా తారసపడితే కావలించుకోవాలని ఉంటుంది నాకు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మావాడు కాలేజీ బ్రోషర్లు తిరగేస్తూ పట్టుకున్న విషయం అదే. ఒక దాని మీద ‘విశాఖపట్నం’ అని బంగారు అక్షరాలు, వెనక సముద్రం బొమ్మ, అందులో ఓడ. గూగుల్ మ్యాపులో చూస్తే కాలేజీ విజయనగరం జిల్లాలో జీడితోటల మధ్య ఉంది. సముద్రం రావాలంటే తుఫానే రావాలి. “అయితే ఇది విశాఖపట్నం రోడ్ అన్నమాట” అన్నాడు మావాడు. వీడికి ర్యాంకు ఎలా వచ్చినా తెలివికి లోటు లేదని అప్పుడే నాకు ధైర్యం వచ్చింది.

మా చెల్లెలికి మాత్రం తెలివితో పనిలేదు, రీయింబర్స్‌మెంటుతో పని. కన్వీనర్ సీటయితే ఫీజు కాలేజీని బట్టి ఏడాదికి 40 వేల దగ్గర మొదలై లక్ష దాటుతుంది. అది సర్కారు కడుతుంది. 2008 ప్రాంతంలో రాజశేఖరరెడ్డి హయాంలో మొదలైన ఈ పథకం మా జిల్లాలో ఎన్ని ఇళ్ళలో మొదటి ఇంజనీరుని పుట్టించిందో లెక్కలేదు. ఆ మాట వెక్కిరించే పని నేను పెట్టుకోను. తర్వాత 10 వేలు దాటిన ర్యాంకులకి 35 వేలే ఇస్తామన్నారు. 2019 తర్వాత విద్యా దీవెన పేరుతో మొత్తం ఫీజు ఇస్తాం, తల్లి ఖాతాలో వేస్తాం అన్నారు. తర్వాత తల్లీ బిడ్డల ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీకే వేస్తాం అన్నారు. డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న విషయంలో ఎన్ని సిద్ధాంతాలు మారినా, అది సమయానికి పడకపోవడంలో మాత్రం అన్ని ప్రభుత్వాలదీ ఒకే మాట. బకాయిలు ఉన్నన్నాళ్ళూ కాలేజీ ఆఫీసులో గుమాస్తా పిల్లల్ని పిలిచి, “ముందు మీరు కట్టీండి, వాళ్ళు వేశాక తిరిగిచ్చీస్తాం” అంటాడు. ఆ కట్టడానికే డబ్బులుంటే మనం ఇక్కడ ఎందుకుంటాం అన్న ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు ఉండదు. హాల్ టికెట్టు మాత్రం ఉంటుంది, సొరుగులో.

సర్కారు కట్టాలంటే మనం బీదవాళ్ళమని సర్కారు నమ్మాలి. ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. మాగాణి అయితే పదెకరాల లోపు, మెట్ట అయితే పాతిక లోపు. ఇన్‌కంటాక్సు కట్టకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప. ఇక్కడే మా బావ కథ మొదలవుతుంది. బావకి ఊళ్ళో కిరాణా కొట్టుంది. ఆదాయం గురించి బెంగలేదు, అది ఏనాడూ ఆ గీత దరిదాపులకి పోలేదు. కానీ ఆయనకి ఒక పాత మారుతి 800 మీద మనసు పడింది. తెలిసినవాళ్ళది, చవగ్గా ఇస్తున్నారు, అరసవల్లి ఆదివారాలకి వెళ్ళొచ్చు, కొట్టుకి సరుకు తెచ్చుకోవచ్చు. బయానా ఇవ్వడానికి చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే మా చెల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“నాలుగు చక్రాలు కనబడితే గుంటడి సీటు పోతాది. నాలుగేళ్ళు ఓపిక పట్టలేవేటి?”

“నాలుగేళ్ళయితే ఆ కారుంటాదేటి, నానుంటానేటి?”

“కారు నేకపోయినా పరవాలేదు” అంది. రెండోదాని గురించి ఏమీ అనలేదు.

ట్రాక్టరు ఉండొచ్చు కదా అని బావకి ఒక ఆలోచన వచ్చింది. ట్రాక్టరు మీద అరసవల్లి వెళ్తే వచ్చే పుణ్యమెంత, పోయే పరువెంత అని లెక్క వేసి చెల్లి దాన్నీ కొట్టేసింది. మొత్తానికి ఒక మనిషి నాలుగేళ్ళపాటు పైకి రాకుండా ఉంటేనే అతని కొడుకు పైకొచ్చే ఏర్పాటు ఇది. బావ ఇప్పుడు రోడ్డు మీద మారుతి కనిపిస్తే మొహం తిప్పేసుకుంటున్నాడు.

మిగతా దారులు లేవా అంటే ఉన్నాయి. కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పెట్టింది. తాకట్టు లేకుండా, హామీ సంతకం లేకుండా అప్పు. షరతు ఏమంటే ఎంపిక చేసిన పేరున్న సంస్థల్లో సీటు రావాలి. అక్కడ సీటొచ్చినవాడికి అప్పివ్వడానికి బ్యాంకులు ఎప్పుడు వెనకాడాయి గనక? ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50 వేలు. అది ఆడపిల్లలకి. ఆ కాగితం చదివి చెల్లి కొడుకు వంక అదోలా చూసింది. “ఇప్పుడు నన్నేటి చెయ్యమంటావమ్మా?” అన్నాడు వాడు.

ఇంతవరకూ డబ్బు గోల. డబ్బు గోల మనకి అలవాటే. నన్ను రాత్రిళ్ళు పొర్లించేది రెండోది.

నెట్ సెంటర్లో వెబ్ ఆప్షన్లు పెడుతూ నేను ఊరికే అడిగాను, “ఒరేయ్, ఇన్ని పెడుతున్నాం, అసలు నీకేదిష్టంరా?” అని.

వాడు కాసేపు ఆలోచించి, “నాకింకా తెలీదు మావయ్యా” అన్నాడు.

ఈ సీజనంతటిలో నా చెవిన పడ్డ నిజమైన మాట అదొక్కటే. పక్కన నిలబడ్డ తండ్రులు మాత్రం వాణ్ణి రోగిష్టిని చూసినట్టు చూశారు. తెలీదంటే ఎలా? పదో తరగతి పరీక్షలు పూర్తవకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి, కాఫీ తాగి, వీడిది ఎంపీసీ అని తేల్చేసి వెళ్ళాడు కదా. అప్పుడు వీడికి పదిహేనేళ్ళు. ఆ కాఫీతోటే నైరా వ్యవసాయ కాలేజీ తలుపు మూసుకుపోయింది, వీడికి ఆ సంగతి తెలియను కూడా తెలీదు. ఇప్పుడు 2025-26 నుంచి ఇంటర్ బోర్డు లెక్కలూ బయాలజీ కలిపి చదువుకునే ఎంబైపీసీ తెచ్చింది, మంచిదే, మావాడు దాటిపోయాక వచ్చింది. డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి ఒకే మేజర్ పద్ధతి. పూర్వం బీఎస్సీలో మూడు సబ్జెక్టులు సమానంగా చదువుతూ ఎటు పోవాలో మూడేళ్ళు ఆలోచించుకునేవాళ్ళం. ఇప్పుడు మైనారిటీ తీరని పిల్లాడు చేరేరోజే మేజర్ చెప్పాలి, రెండో సెమిస్టర్లో మైనర్ చెప్పాలి. కాస్త నయం ఎచ్చెర్ల దగ్గరి ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కులతో చేర్చుకుంటారు, రెండేళ్ళు పీయూసీ చదివాకే ఇంజనీరింగ్ బ్రాంచి. ఆ రెండేళ్ళయినా పిల్లాడికి ఊపిరి. కానీ అక్కడ సీటు రావడానికి పదిలోనే ఊపిరి బిగపట్టాలి.

మిగతాచోట్ల ఫ్రీజ్ నొక్కితే నొక్కినట్టే. మొదటి ఏడాది బాగా చదివితే బ్రాంచి మార్చుకోవడం ఐఐటీల్లో ఒక ముచ్చటగా ఉండేది. వాటిలోనూ కొన్ని ఆ వెసులుబాటు ఎత్తేశాయి. మన దగ్గర మైనర్ డిగ్రీ అని ఒకటుంది, ఆసక్తి ఉన్నవాడు పక్క బ్రాంచివి అదనంగా ఇంకొన్ని క్రెడిట్లు చదువుకోవచ్చు. అంటే నీకు ఇష్టమైంది చదవాలంటే ఇష్టం లేని 160 క్రెడిట్లు పూర్తిగా చదివి, ఆ పైన చదువు. పోనీ ఓ ఏడాది చదివి, ఇది నా వల్ల కాదు, ఇంకో బ్రాంచిలో మొదట్నుంచి చేరతానంటే రీయింబర్స్‌మెంటు మాత్రం మొదట్నుంచి మొదలవదు. స్పాట్ అడ్మిషన్లో నచ్చిన బ్రాంచి దొరికిందా, దానికి రీయింబర్స్‌మెంటే లేదు. మేనేజ్‌మెంట్ కోటాలోకి వెళ్ళావా, లేదు. సర్కారు డబ్బు కావాలంటే సర్కారు కంప్యూటరు కూర్చోమన్న చోట కూర్చోవాలి, హాజరు 75 శాతం వేయించుకోవాలి. ఈ 75 నన్ను ఎక్కడా వదల్లేదు.

మా ఊరివాడొకడు డాలస్‌లో ఉన్నాడు. వాడి కూతురు అక్కడ కాలేజీలో చేరి రెండేళ్ళు ‘అన్‌డిక్లేర్డ్’. అంటే ఏం చదువుతున్నావమ్మా అంటే ఇంకా తేల్చుకోలేదు అని చెప్పుకునే హక్కు. కాలేజీ దాన్ని గౌరవంగా కాగితం మీద రాసుకుంటుంది. బయాలజీ చూసింది, సంగీతం చూసింది, ఎకనామిక్స్‌లో స్థిరపడింది. వాడికీ ఏడుపు లేకపోలేదు. అక్కడ ఆర్థిక సాయానికి ఫాఫ్సా అని ఒక ఫారం ఉందట. 2024-25కి దాన్ని సులభం చేస్తామని కొత్తది తయారుచేసి, ఎప్పుడూ అక్టోబరులో తెరిచేదాన్ని డిసెంబరు ఆఖరికి తెరిచారు. తెరిచాక అది మొరాయించింది. “మన నెట్ సెంటరే నయంరా” అన్నాడు. నయమేం కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. అక్కడ అప్పు బరువు. ఇక్కడ మనసు మార్చుకోవడమే బరువు.

అప్పుడప్పుడు నాకు గిడుగు రామమూర్తిగారు గుర్తొస్తారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, మాకేం దూరం కాదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. పర్లాకిమిడిలో బడిపంతులు ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా పరీక్షలు ప్యాసయ్యారు. ముఖలింగం గుళ్ళో శాసనాలు చూసి, వాటిని చదవడం తనంతట తనే నేర్చుకున్నారు. సవరలు మాట్లాడుతుంటే విని, వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాశారు. ఇక వాడుక భాష గొడవ లోకమంతటికీ తెలిసిందే. ఆయన చేత ఇప్పుడు వెబ్ ఆప్షన్లు పెట్టిస్తే ఏ కోడు పెట్టాలి? హిస్టరీలో ఫ్రీజ్ అయ్యాక సవర భాష మీద ఆసక్తి కలిగిందండీ అని హెల్ప్‌లైన్ సెంటరుకి వెళ్తే, “సెకండ్ ఫేజులో చూద్దాం” అనేవారు. ఇక విజయనగరం మహారాజా కాలేజీలో చదువుకున్న గురజాడ అప్పారావుగారికి ఆ కాలేజీ ప్రిన్సిపాల్ చంద్రశేఖరశాస్త్రిగారే తిండి, బస ఏర్పాటు చేశారు. ఆ సాయానికి ఆదాయ ధ్రువపత్రం అడిగినట్టు ఎక్కడా చదవలేదు.

పాతకాలం బంగారమని నేననను. ఆ కాలంలో ఆ సాయం అందని పిల్లలు ఎంతమందో, వాళ్ళ పేర్లు మనకి తెలిసే వీల్లేదు. ఈరోజు మా చెల్లి కొడుకు, వాడి పక్కింటివాడు, ఆ వెనక వీధి రిక్షా ఆయన కూతురు అందరూ ఒకే జాబితాలో తమ నంబర్లు వెతుక్కుంటున్నారు, అది చిన్న సంగతి కాదు. నా దిగులు ఇంకోటి. డబ్బున్న ఇంట్లో పిల్లాడు రెండో ఏడాది మనసు మార్చుకుంటే, “ఎక్స్‌ప్లోర్ చేస్తున్నాడండీ” అంటారు. మా ఇళ్ళలో మార్చుకుంటే “చదువు మానీసినాడు” అంటారు. చేసింది ఇద్దరూ ఒకటే. తప్పటడుగు వేయడానికి కూడా వెనక కాస్త ఆస్తి ఉండాలి. లేనివాడు పదిహేడేళ్ళకి ఒక్క వేలు పెట్టి నొక్కిన దాంట్లో తన నలభయ్యో ఏడు కూడా ఉందని ఎవరూ వాడికి చెప్పరు. చెప్పినా వాడు చేయగలిగింది లేదు.

ఈ మాట నాకు తట్టడానికి కారణం మా నెట్ సెంటరాయనే. ఆయన మా ఊరి సహకార చక్కెర కర్మాగారంలో ల్యాబ్‌లో పనిచేసేవాడు. చెరకు రసంలో ఎంత చక్కెర ఉందో చెప్పడం ఆయన విద్య, అందులో ఆయన్ని మించినవాడు లేడు. ఫ్యాక్టరీ మూతబడి రెండు దశాబ్దాలు దాటింది. ప్రతి ఎన్నికలకీ తెరుస్తామంటారు. మూతబడ్డనాడు ఆయనకి నలభై దరిదాపులు, ఇద్దరు పిల్లలు, చేతిలో ఆ ఒక్క విద్య. ఊళ్ళో చెరకు తగ్గిపోయింది, ఆ విద్య ఎవరికీ అక్కర్లేకపోయింది. జెరాక్సు మెషీను కొన్నాడు. తర్వాత కంప్యూటరు. ఎవరూ నేర్పలేదు, కొడుకు పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాడు. ఇప్పుడు జిల్లాలో ఏ కాలేజీ ఏ బ్రాంచికి ఏ ర్యాంకు దగ్గర సీటు తెగిందో కంప్యూటరు చూడకుండా చెబుతాడు. “ఆ లెక్కా ఈ లెక్కా ఒకటే బావూ, రసం ఎంతుందో సూడ్డమే” అంటాడు, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఆయన నవ్వుతూనే అన్నాడు. నేనే నవ్వలేకపోయాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం అక్కడ నిలబడడానికి చోటు లేదు. కరెంటు ఒకసారి పోయి వచ్చింది. ఆప్షన్ల వరసలో మా చెల్లి ఫోన్లోంచే మార్పులు చెబుతోంది, ఈ కాలేజీ పైకి, ఆ కాలేజీ కిందికి. ఆవిడ కొలత ఒకటే, ఇంటినుంచి బస్సులో వెళ్ళి రావచ్చా అని. హాస్టలు ఫీజు సర్కారు ఇచ్చినా తనకి బెంగ తగ్గదట. బావ కొట్టు కట్టేసి వచ్చి వెనక నిలబడ్డాడు. మావాడు తల ఎత్తకుండా మెకానికల్‌ని మూడో నంబరులోకి తెచ్చాడు. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. బావ చూశాడు, ఆయనా ఊరుకున్నాడు. ఇంజన్లంటే ఆయనకి ఇష్టం కదా.

అప్పుడు మావాడు మెల్లిగా అడిగాడు. “మావయ్యా, ఫస్టియర్ అయ్యాక ఇది నాకు నచ్చకపోతే?”

ఫోన్ స్పీకర్లో ఉన్న సంగతి మర్చిపోయాం.

“నచ్చకపోతే నచ్చేదాకా చదువు!” అంది మా చెల్లి అట్నుంచి.

నెట్ సెంటరాయన మౌసు మీద వేలు పెట్టి మా ముగ్గురి మొహాలూ చూశాడు. వెనక లైన్లో ఎవరో ఆడపిల్ల తండ్రి, సర్వరు పోతే తన గతేమిటని గోల పెడుతున్నాడు.

“ఇంకేటైనా మార్చాల్నా బావూ? నొక్కీమంటారా?”